విబ్రియోతో కాపురం చేసే చిట్టి స్క్విడ్: యూప్రిమ్నా ఒళ్లూ, ఊళ్లూ

రాత్రిపూట అలలు నీలంగా మెరుస్తున్న వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతుంది. దాని వెనకే హేచరీ ట్యాంకులో నీళ్లు వెలుగుతున్న వీడియో. ఆ తర్వాత ఇసకలోంచి లేచి కళ్లు మిటకరించి చూసే ఓ బుల్లి స్క్విడ్, కింద ‘దీని పొట్టలో లైటు ఉంటుంది’ అని ఓ వ్యాఖ్య. మూడూ వరసగా చూసినవాళ్లకు అంతా ఒకటే వ్యవహారంలా అనిపిస్తుంది. కాకినాడ నుంచి నరసాపురం దాకా రొయ్య మీద బతికే ఊళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ స్క్విడ్ వెలుగుకు కారణం విబ్రియో అనే బ్యాక్టీరియా అని చదవగానే ‘మన చెరువుల్ని ముంచే విబ్రియోనేనా?’ అని టెన్షన్ మొదలవుతుంది.

ముందు ఆ మూడు వెలుగుల్ని విడదీద్దాం. అలల మీద మెరుపు చాలాసార్లు నాక్టిల్యూకా లాంటి ఏకకణ జీవులది. నీరు కదిలినప్పుడల్లా వాటి ఒంట్లోని రసాయనాలే వెలుగుతాయి. హేచరీ ట్యాంకులో కనిపించేది ఎక్కువగా విబ్రియో హార్వేయీ అనే బ్యాక్టీరియా వెలుగు. అది కనిపించిందంటే రొయ్యపిల్లలకు గండమే. మూడోది స్క్విడ్ ఒంట్లో కాపురముండే మరో బ్యాక్టీరియాది. స్క్విడ్ తనంతట తాను వెలగదు. బ్యాక్టీరియాను పెంచుకుని, తిండి పెట్టి, దాని వెలుగును వాడుకుంటుంది. ఆ స్క్విడ్ ప్రజాతి పేరు యూప్రిమ్నా. దాని ఒళ్లు ఎలా ఉంటుంది, ఏ సముద్రాల్లో ఉంటుంది అన్న రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి గానీ, ఒకదాన్ని తేల్చకుండా రెండోది తేలదు.

## స్క్విడ్‌కీ కటిల్‌ఫిష్‌కీ మధ్య ఓ పొట్టి చుట్టం

కాకినాడ హార్బర్‌లో వేలంపాటకు వచ్చే స్క్విడ్ పొడుగ్గా, చివర సూదిగా ఉంటుంది. దాని ఒంట్లో ప్లాస్టిక్ ముక్కలాంటి పలచని ఈనె ఒకటి ఉంటుంది. కటిల్‌ఫిష్ వెడల్పుగా ఉంటుంది, దాని వీపులో తెల్లటి పెళుసు పలక ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆ పలకనే ఆయుర్వేదం కొట్లలో సముద్రఫేనమని అమ్ముతారు. యూప్రిమ్నా లాంటి బాబ్‌టెయిల్ స్క్విడ్ ఈ రెంటిలోకీ రాదు. వెనకభాగం కత్తిరించేసినట్టు గుండ్రంగా ముగుస్తుంది. యూప్రిమ్నాలో పలకా ఉండదు, ఈనే ఉండదు.

బాబ్‌టెయిళ్ల కుటుంబం పేరు సెపియోలిడే. ఇందులో దాదాపు 70 జాతులున్నాయి. ఆ కుటుంబంలో మూడు ఉపకుటుంబాలున్నాయి: చల్లటి, లోతైన నీళ్లలో నేల మీద ఉండే రోసీనే, నడిసముద్రంలో ఈదుతూ తిరిగే హెటెరోట్యూథినే, తీరం దగ్గర ఇసకను అంటిపెట్టుకునే సెపియోలినే. యూప్రిమ్నా మూడోదానికి చెందింది. ఈ కుటుంబాన్ని కటిల్‌ఫిష్‌ల క్రమంలో చేర్చాలా, విడి క్రమంగా చూడాలా అన్న వాదన పాతదే. ఇప్పుడు మొగ్గు విడి క్రమం వైపే ఉంది. మన కథకు దానితో పెద్దగా పని లేదు.

ప్రజాతి అంటే దగ్గర చుట్టాలైన జాతుల గుంపు. యూప్రిమ్నా ప్రజాతి అయితే, స్కోలోపీస్, టాస్మానికా, బెర్రియై, మోర్సెయ్ వంటివి అందులోని జాతులు. వార్తల్లోకి ఎక్కేది చాలావరకు ఒక్కటే, హవాయి దీవులకు చెందిన యూప్రిమ్నా స్కోలోపీస్. 2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి నాసా పంపిన స్క్విడ్ పిల్లలు ఆ జాతివే. ఒక్క జాతి గురించి రాసిన మాటలన్నీ ప్రజాతి మొత్తానికీ అంటగట్టడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

## ఒళ్లు: సంచి, రెక్కలు, చేతులు

పెద్దదైన యూప్రిమ్నా కూడా ఉసిరికాయంతే. ఒంటి సంచిని మాంటిల్ అంటారు. జాతిని బట్టి దాని పొడవు 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పక్కల రెండు అర్ధచంద్రాకారపు రెక్కలు ఉంటాయి. అవి వెనక కలుసుకోవు. తలా మాంటిలూ మెడ వెనక అతుక్కుని ఉంటాయి. ఈ అతుకు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గుర్తింపులో పనికొస్తుంది: రోసియా వంటి వాటిలో అక్కడ అతుకు ఉండదు, తల విడిగా కదులుతుంది.

తల ముందు ఎనిమిది చేతులు, వాటితో పాటు రెండు పొడవాటి టెంటకిల్స్. వేట లేనప్పుడు టెంటకిల్స్‌ను కళ్ల కింద ఉండే జేబుల్లోకి లాగేసుకుంటుంది. చచ్చినదాన్ని పట్టుకుని ‘దీనికి ఎనిమిదే ఉన్నాయి, ఇది ఆక్టోపస్’ అనేవాళ్లు పొరపడేది ఇక్కడే. చిమ్టాతో ఆ జేబుల్లోంచి మెల్లిగా లాగితే రెండూ బయటికొస్తాయి. వాటి చివర్లు కంటికి మెత్తగా కనిపిస్తాయి. భూతద్దం పెడితే అవి లెక్కకు అందనంత చిన్న చూషకాలు (పీల్చి పట్టుకునే గిన్నెల్లాంటివి), వరస మీద వరస.

చేతుల మీది చూషకాలు పెద్దవి, వాటినే లెక్కపెట్టాలి. యూప్రిమ్నాలో చేతి మీద చూషకాలు నాలుగు వరసల్లో ఉండటం ముఖ్యమైన గుర్తు. దగ్గర చుట్టాల్లో చాలావాటికి రెండే వరసలు. కొన్ని జాతుల మగవాటిలో అంచు వరసల్లోని కొన్ని చూషకాలు మిగతావాటికంటే బాగా ఉబ్బి ఉంటాయి. ఎన్ని ఉబ్బాయి, ఏ చేతి మీద ఉబ్బాయి అన్నదాన్ని బట్టి జాతిని తేలుస్తారు.

అసలు సంతకం మగదాని ఎడమ పైచేతిలో ఉంటుంది. వీర్యపు పొట్లాల్ని ఆడదాని ఒంట్లోకి అందించడానికి ఆ చేయి రూపు మార్చుకుంది. మొదట్లో నాలుగైదు మామూలు చూషకాలు, ఓ చిన్న బుడిపె. చివరి సగంలో మాత్రం చూషకాల కాడలు లావెక్కి, స్తంభాల్లా నిటారుగా, సందు లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడతాయి. కుడిచేతిని పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. ప్రజాతుల్ని విడదీసేటప్పుడు నిపుణులు మొదట చూసేది ఈ చేతినే. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని టాస్మానికా జాతిలో జత కట్టడం 3 గంటల దాకా సాగుతుందనీ, ఆ తర్వాత మగా ఆడా రెండూ అరగంట దాకా సరిగ్గా ఈదలేనంతగా అలసిపోతాయనీ 2012లో ఒక అధ్యయనం కొలిచి చెప్పింది.

చర్మం సంగతి వేరే చెప్పుకోవాలి. పగలంతా యూప్రిమ్నా ఇసకలో పూడుకుని ఉంటుంది. ముందు నీళ్లు చిమ్మి గుంట చేసుకుంటుంది, అందులో దిగి రెండు చేతులతో ఇసకను ఎగదోసుకుని తల మీద కప్పుకుంటుంది. చర్మంలోని గ్రంథి కణాలు జిగురు స్రవిస్తాయి కాబట్టి బయటికి వచ్చి ఈదుతున్నా ఇసక రేణువులు ఒంటికే అంటుకుని ఉంటాయి. ప్రమాదం మీదికొస్తే ఆ ఇసక పొర మొత్తాన్ని ఒక్క క్షణంలో వదిలేస్తుంది. అంటించుకోవడం కంటే కావాలన్నప్పుడు వదిలేయడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించే పని.

రక్తం నీలం. ఆక్సిజన్ మోసేది ఇనుము బదులు రాగి ఉన్న హీమోసయనిన్. రొయ్యదీ అదే పద్ధతి కనుక ఇందులో మన దగ్గర వింత ఏమీ లేదు. గుండెలు మాత్రం మూడు.

## పొట్ట కింద దీపం ఎలా పనిచేస్తుంది

మాంటిల్‌ను కిందివైపు నుంచి కోసి తెరిస్తే మొప్పల మధ్య సిరా సంచి కనిపిస్తుంది. దాన్ని అంటుకుని రెండు తమ్మెలుగా విడిన ఓ చిన్న అవయవం ఉంటుంది. అదే దీపం. ఒక్కో తమ్మెలో మూడు అరలు. పిల్లలో ఒక్కో అరకూ బయటికి ఒక్కో రంధ్రం, అంటే మొత్తం ఆరు. బ్యాక్టీరియా ఉండేది ఆ అరల్లోనే. అరల వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. అది రిఫ్లెక్టిన్ అనే ప్రొటీన్లతో తయారవుతుంది. 2004లో ఆ ప్రొటీన్లను మొదట గుర్తించింది ఈ స్కోలోపీస్‌లోనే. ముందువైపు కటకంలా పనిచేసే పారదర్శక కణజాలం. వెలుగు ఎక్కువైతే సిరా సంచి అంచులు దీపం మీదికి జరిగి కొంత కప్పేస్తాయి.

ఆ బ్యాక్టీరియా పాత పేరు విబ్రియో ఫిషరీ, 2007 తర్వాతి పేరు అలీవిబ్రియో ఫిషరీ. ఇది తల్లి నుంచి రాదు. గుడ్డులోంచి బయటపడేటప్పుడు పిల్ల దీపం ఖాళీ. చుట్టూ ఉన్న సముద్రపు నీటిలో లక్షల కొద్దీ బ్యాక్టీరియా ఉంటే అందులో ఫిషరీ వాటా లెక్కలోకి రానంత తక్కువ. అయినా కొన్ని గంటల్లో పిల్ల దాన్నే ఏరుకుంటుంది. దీపం పైన రోమాలున్న రెండు జతల కొమ్మలు నీటిని రంధ్రాల వైపు తోస్తాయి, అక్కడ జారే జిగురులో ఫిషరీ గుమిగూడి లోపలికి దారి పడుతుంది. అది లోపల చేరాక ఆ కొమ్మలతో పని తీరిపోతుంది. నాలుగైదు రోజుల్లో అవి కరిగిపోతాయి. కరిగిపొమ్మని సంకేతం పంపేది బ్యాక్టీరియానే. స్క్విడ్ ఒంటి రూపాన్ని బయటి జీవి మార్చగలదని ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణలు తక్కువ. మార్గరెట్ మెక్‌ఫాల్-న్గాయ్, నెడ్ రూబీ అనే శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ఈ ఒక్క జంట మీదే పని చేశారంటే కారణం ఇదే.

వెలగడం మానేసిన ఫిషరీని లోపలికి పంపితే ఏమవుతుందో కూడా చూశారు. మొదట చేరుతుంది గానీ నిలవలేకపోతుంది. వెలిగే రకంతో పోటీలో ఓడిపోతుంది. దీపం కణజాలానికే వెలుగును పసిగట్టే గుణం ఉందని తేలింది కాబట్టి, అద్దె కట్టనివాడిని గుర్తించే దారి స్క్విడ్‌కు ఉందన్నమాట.

ఇంతా చేసి వెలుగు ఎందుకు? చీకట్లో చూడటానికి మాత్రం కాదు, దీపం కిందివైపు తిరిగి ఉంటుంది. వెన్నెల రాత్రి పైన ఈదే స్క్విడ్‌ను కింద నుంచి చూసే చేపకు అది నల్లటి నీడలా కనిపించాలి. పై నుంచి పడే వెలుతురుకు సరిపడా పొట్ట కింద వెలిగిస్తే ఆ నీడ చెరిగిపోతుంది. ల్యాబ్‌లో పై వెలుతురు పెంచితే స్క్విడ్ కూడా కాంతి పెంచిందని 2004లో కొలిచారు.

## రోజూ తెల్లవారి జరిగే ఖాళీ: ఓ చిన్న లెక్క

సూర్యుడు రాగానే స్క్విడ్ ఇసకలోకి దిగే ముందు దీపంలోని బ్యాక్టీరియాలో దాదాపు 95 శాతాన్ని నీటిలోకి కక్కేస్తుంది. వినడానికి నష్టంలా ఉంటుంది. లెక్క వేద్దాం. తేలిక కోసం దీపంలో 100 కోట్లు ఉన్నాయనుకుందాం. తెల్లారి మిగిలేవి 5 కోట్లు. ఒకసారి రెట్టింపైతే 10, మళ్లీ 20, 40, నాలుగోసారికి 80 కోట్లు. అయిదోసారి పూర్తికాకముందే పాత సంఖ్య దాటిపోతుంది. అంటే నాలుగున్నర రెట్టింపులు చాలు, సాయంత్రానికి దీపం మళ్లీ నిండుతుంది.

ఎందుకు కక్కుతుందన్నదానికి రెండు వివరణలున్నాయి. ఒకటి ఖర్చు లెక్క: పగలు వెలుగు అక్కరలేదు, 100 కోట్ల నోళ్లకు పగలంతా తిండి పెట్టడం దండగ. రెండోది విత్తనం లెక్క: కక్కిన బ్యాక్టీరియా చుట్టుపక్కల నీటిలో చేరుతుంది, కొత్తగా పుట్టిన పిల్లలకు అందుతుంది. స్క్విడ్‌లు ఉన్న చోట నీటిలో ఫిషరీ ఎక్కువగా ఉందని 1990లలోనే కొలిచారు కనుక రెండోదానికీ ఆధారం ఉంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు. నాకు మొదటిది కారణంలా, రెండోది దాని ఫలితంలా కనిపిస్తుంది.

## మన చెరువుల విబ్రియో, దీని విబ్రియో

భీమవరం, అమలాపురం ల్యాబుల్లో నీళ్ల శాంపిలిస్తే విబ్రియో లెక్క ‘ఎల్లో కాలనీలు ఇన్ని, గ్రీన్ కాలనీలు ఇన్ని’ అని చీటీ మీద రాసిస్తారు. అది టీసీబీఎస్ అనే మాధ్యమం మీద చక్కెర వాడుకునే రకాలకూ వాడుకోని రకాలకూ వచ్చే రంగు తేడా. ఆ రంగు చూసి ఏ జాతో పూర్తిగా తేలదు. విబ్రియో కుటుంబంలో వందకు పైగా జాతులున్నాయి. రొయ్యల్లో ఈఎంఎస్ (చిన్న వయసులోనే మూకుమ్మడిగా చంపే జబ్బు) తెచ్చేవి ప్రత్యేకమైన విషపు జన్యువులు మోసే పారాహీమోలిటికస్ రకాలు. హేచరీలో వెలుగుతూ పిల్లల్ని చంపేది హార్వేయీ. మనుషులకు కలరా తెచ్చేది కలరే. స్క్విడ్ దీపంలో ఉండేది ఫిషరీ. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు, పైగా ఫిషరీకి ఇప్పుడు ఇంటిపేరు కూడా మారింది.

కానీ రెంటికీ పోలిక అసలు లేదనడమూ తప్పే. రెండూ గుంపు పెరిగాకే వెలుగుతాయి. ఒక్కో బ్యాక్టీరియా ఓ సంకేత రసాయనాన్ని నీటిలోకి వదులుతుంది. నడిసముద్రంలో అది పలచబడి పోతుంది. దీపపు అరలాంటి ఇరుకులో పేరుకుంటుంది, ఒక మోతాదు దాటగానే అన్నీ కలిసి వెలుగు జన్యువుల్ని తెరుస్తాయి. ఫిషరీలో ఈ పద్ధతిని 1970లో బయటపెట్టారు. తర్వాత దీనికి కోరం సెన్సింగ్ అని పేరొచ్చింది. హార్వేయీ కూడా ఇలాగే గుంపును లెక్కగట్టుకుంటుంది, కాకపోతే దాని సంకేతాలు ఇంకా చిక్కుగా ఉంటాయి. రొయ్యల్లో జబ్బును మందులతో చంపకుండా ఈ సంకేతాన్నే చెడగొట్టి ఆపగలమా అన్న పరిశోధనకు పునాది ఈ చిట్టి స్క్విడ్ దీపంలో కాపురముండే బ్యాక్టీరియా జాతి మీద చేసిన పనిలోనే పడింది.

## వలలో పడ్డ రెండింటిని గుర్తించడం ఎలా సాగుతుంది

మరబోటు వల తీశాక రొయ్య, పండుగప్ప, స్క్విడ్ అన్నీ ఏరేయగా మిగిలే చిల్లర సరుకు పౌడరు ఫ్యాక్టరీలకు పోతుంది. అందులో గుండ్రటి బుల్లి స్క్విడ్‌లు రెండు దొరికాయనుకుందాం. ఒకటి ఆడ, ఒకటి మగ. రెంటికీ మెడ వెనక అతుకుంది, పక్కన గుండ్రటి రెక్కలున్నాయి. అంటే రెండూ సెపియోలినే వైపువే అయ్యే వీలు ఎక్కువ.

ఇప్పుడు చూషకాలు. మొదటిదాని చేతి మీద రెండు వరసలే ఉన్నాయి. పొట్ట కోస్తే సిరా సంచి మీద దీపం లేదు. అప్పుడు చూపు ఇనియోట్యూథిస్ అనే ప్రజాతి వైపు పోతుంది, దానికి దీపం ఉండదు. అందులో మాక్యులోసా జాతిని కలకత్తా మ్యూజియం సేకరణలోంచి 1896లో గుడ్రిచ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు వర్ణించాడు. హిందూ మహాసముద్రంలో ఇసకనేల బాబ్‌టెయిళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు తప్పకుండా వినిపించే పేరు అది.

రెండోదానికి నాలుగు వరసలు. దీపం ఉంది, రెండు తమ్మెలుగా. యూప్రిమ్నా అని ప్రజాతి దాకా ధైర్యంగా చెప్పొచ్చు. జాతి? ఇది మగదైతే ఎడమ పైచేతిలో స్తంభాల్లాంటి కాడలు ఎక్కడ మొదలయ్యాయో, అంచు చూషకాల్లో ఎన్ని ఉబ్బాయో చూసి ముందుకెళ్లొచ్చు. ఆడదైతే ఆ గుర్తులే లేవు. ప్రపంచంలోని చాలా మ్యూజియం సీసాల మీద ‘యూప్రిమ్నా జాతి’ అని అక్కడితో ఆగిపోయిన చీటీలు ఉండటానికి పెద్ద కారణం ఇదే. పైగా ఫార్మలిన్‌లో వేసిన మెత్తటి ఒళ్లు ముడుచుకుపోతుంది, రంగు పోతుంది, కొలతలు మారతాయి. బతికున్నప్పుడు కనిపించే మచ్చల వరస సీసాలో ఉండదు.

## ఊళ్లు: హవాయి నుంచి మారిషస్ దాకా గీసిన గీత

యూప్రిమ్నా ప్రజాతి పూర్తిగా ఇండో-పసిఫిక్‌ది. అట్లాంటిక్, మధ్యధరాలో దాని దగ్గర చుట్టాలు సెపియోలా వంటివి ఉన్నాయి, యూప్రిమ్నా లేదు. తూర్పు కొసన హవాయిలో స్కోలోపీస్, దాన్ని 1913లో బెర్రీ వర్ణించాడు. జపాన్ వైపు మోర్సెయ్, బెర్రియై. ఒకినావాలో బ్రెన్నెరి, ఇది 2019లోనే పేరు పెట్టించుకుంది. దక్షిణాన ఆస్ట్రేలియాలో టాస్మానికా. మనకు దగ్గరగా, బంగాళాఖాతానికి అవతలి గట్టు అనదగ్గ అండమాన్ సముద్రపు థాయ్ తీరంలో హిల్లెబెర్గై, దీని వర్ణన 1997లో వచ్చింది. పడమటి కొసన మారిషస్, అక్కడ 1833లో గ్రాంట్ వర్ణించిన స్టెనోడాక్టైలా.

చిక్కంతా ఈ స్టెనోడాక్టైలా దగ్గర ఉంది. అది పాత పేరు, ముందొచ్చిన పేరు. ఆ తర్వాత హిందూ మహాసముద్రంలో ఎక్కడ నాలుగు వరసల చూషకాలున్న బాబ్‌టెయిల్ దొరికినా దానికి ఆ పేరే తగిలించారు. ఫలితంగా పుస్తకాల మ్యాపుల్లో దాని పరిధి మారిషస్ ఉన్న మస్కరీన్ దీవుల నుంచి క్వీన్స్‌ల్యాండ్, పాలినీషియా దాకా సాగిపోయింది. ఇలాంటి జీవి ఒకే జాతిగా అంత దూరం పరచుకుని ఉండగలదా అన్నది న్యాయమైన అనుమానం.

ఆ అనుమానానికి బలం పిల్లల తీరు వల్ల వస్తుంది. చాలా రొయ్యలూ పీతలూ పుట్టాక వారాల తరబడి నీటిలో తేలుతూ ప్రవాహంతో వందల కిలోమీటర్లు పోతాయి. యూప్రిమ్నా గుడ్లు రాతికో పగడపు ముక్కకో అంటుకుని ఉంటాయి. సుమారు మూడు వారాలకు 2 మిల్లీమీటర్ల పిల్ల బయటికొస్తుంది. చూస్తే చిన్న సైజు పెద్దదే, రూపం మారే దశలేవీ లేవు. ఎక్కువ దూరం తేలకుండానే నేలకు దిగుతుంది. దీని ప్రభావం ఎంతో చూడాలంటే హవాయిలోని ఓహూ దీవి చాలు. ఆ ఒక్క దీవికి రెండు వైపులా ఉన్న స్కోలోపీస్ గుంపులు జన్యుపరంగా వేరుపడ్డాయని 2002లో తేలింది. కాకినాడ నుంచి అంతర్వేదికి ఉన్నంత దూరం కూడా లేని చోట ఇంత తేడా వస్తే, మారిషస్‌కీ పాలినీషియాకీ ఒకే పేరు ఎంతవరకు నిలుస్తుంది?

అవతలి వాదనకూ బలం లేకపోలేదు. గుడ్లు అంటుకున్న నాచు, కొమ్మలు కొట్టుకుపోవచ్చు. హవాయి లాంటి నడిసముద్రపు దీవికి ఈ ప్రజాతి ఎలాగో చేరిందంటేనే దూరప్రయాణం అసాధ్యం కాదని అర్థం. అరుదుగా జరిగే ప్రయాణం కొత్త జాతిని పుట్టిస్తుంది, తరచూ జరిగేది పాత జాతిని కలిపి ఉంచుతుంది. ఏది ఎంత అన్నది డీఎన్ఏ చెప్పాలి.

డీఎన్ఏ చెప్పిన పెద్ద కథ ఒకటి 2021లో వచ్చింది. 32 బాబ్‌టెయిల్, వాటి చుట్టాలైన బాటిల్‌టెయిల్ స్క్విడ్‌ల జన్యు సమాచారంతో గీసిన వంశవృక్షంలో సెపియోలినే రెండు కొమ్మలుగా చీలింది: ఒకటి ఇండో-పసిఫిక్, రెండోది అట్లాంటిక్-మధ్యధరా. ఆ చీలిక కాలం కోట్ల ఏళ్ల కిందటి ఇయోసీన్ యుగం నుంచి ఆలిగోసీన్ యుగం మొదళ్ల దాకా, అంటే టెథిస్ అనే పురాతన సముద్రం మూసుకుపోయిన కాలంతో సరిపోయింది. మన భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకోవడం ఆ మూతలో ఒక భాగం. రెండు తమ్మెల బ్యాక్టీరియా దీపం ఈ ఉపకుటుంబం మూలపురుషుడికే ఉండి ఉంటుందని కూడా ఆ అధ్యయనం అంచనా వేసింది. ఆ లెక్కన ఇనియోట్యూథిస్‌కు దీపం ఇంకా రాలేదనడం కన్నా, ఉన్నదాన్ని పోగొట్టుకుందనడం సబబు.

## వరసలు రెండా, నాలుగా: ప్రజాతి గీత ఎక్కడ గీయాలి

2020లో బెల్లో అనే శాస్త్రజ్ఞుడు మగదాని చేతి నిర్మాణాన్ని ఆధారం చేసుకుని ఈ ఉపకుటుంబంలో నాలుగు కొత్త ప్రజాతులు ప్రతిపాదించాడు. వాటిలో ఒకటి యూమాండ్యా. అంతకుముందు యూప్రిమ్నాలో ఉన్న పార్డలోటా, ఫీనాక్స్ జాతులు అందులోకి మారాయి. వాటి చేతుల మీద చూషకాలు రెండే వరసలు మరి.

విడదీయడం మంచిదనేవాళ్ల మాట ఇది: నాలుగు వరసలు యూప్రిమ్నా గుర్తు అని చెబుతూ రెండు వరసలవాటిని అందులోనే ఉంచితే ఆ గుర్తుకు అర్థం లేదు. కలిపి ఉంచాలనేవాళ్లు ఇలా అంటారు: ఒకటి రెండు జాతులకు ఒక్కో ప్రజాతి పెట్టుకుంటూ పోతే పేర్లు పెరుగుతాయే తప్ప చుట్టరికం తెలియదు. చూషకాల వరసలు వేర్వేరు కొమ్మల్లో విడివిడిగా మారి ఉండొచ్చు కూడా. నా మటుకు నాకు విడదీయడమే నచ్చింది, ఎందుకంటే మ్యాపు అప్పుడు నిజాయితీగా ఉంటుంది. రెండు వరసలవాటిని తీసేస్తే ఉత్తర ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్ దగ్గర యూప్రిమ్నా చుక్కలు కొన్ని తగ్గుతాయి. జీవులు ఎక్కడికీ కదల్లేదు, చేతి మీద చూషకాల లెక్క మారిందంతే.

## గోదావరి నోటి దగ్గర ఉప్పు, బురద, బోట్లు

స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌ల వంశం మొత్తంలో మంచినీటిలో బతికే జాతి ఒక్కటీ లేదు. వనామీ రొయ్యనైతే 5 పీపీటీ (లీటరుకు 5 గ్రాముల) ఉప్పులోనూ పెంచేస్తున్నాం. యూప్రిమ్నాను ల్యాబులో ఉంచేది లీటరుకు 35 గ్రాముల అసలు సముద్రపు ఉప్పులో. గోదావరి డెల్టాను ఈ కొలతతో చూడాలి.

జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు దిగినప్పుడు గౌతమి, వశిష్ట, వైనతేయ నోళ్ల దగ్గర పైనీరు దాదాపు తియ్యబడుతుంది. తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద పారతాయి కాబట్టి నేల మీద ఉండే జీవికి పైనున్నంత కష్టం ఉండదు. అయినా నది మోసుకొచ్చే ఒండ్రు ఆ నేలనే కప్పుతుంది. అక్టోబరు నుంచి తీరపు ప్రవాహం దక్షిణానికి తిరిగి గంగ, మహానదుల తియ్యనీటిని కూడా మన తీరం వెంబడి తెస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, ఉప్పు మళ్లీ పెరుగుతుంది. కోరింగ మడ అడవుల కాలవలు, కాకినాడ అఖాతపు మెత్తటి బురద ఇసకలో పూడుకునే జీవికి అనువైన చోట్లు కావు. హోప్ ఐలాండ్ బయటివైపు ఇసక, అక్కడి నుంచి లోతుకు దిగే ఖండపు తీరపు అంచు దాని జీవనానికి నప్పే నేలలు. పొట్ట కింద దీపంతో నీడ చెరిపేసుకునే ఉపాయం కూడా వెన్నెల కిందికి దిగే తేటనీటిలోనే అక్కరకొస్తుంది. ఎర్రనీటిలో చెరపడానికి నీడే ఉండదు.

ఇక్కడే మ్యాపుల్లో ఓ పక్షపాతం దూరుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. తీరానికి దగ్గరగా నీరు బాగా ఉప్పగా ఉండే రోజులు చాలావరకు ఆ నిషేధంలోనే పడతాయి. బోట్లు మళ్లీ కదిలేసరికి వరద నీరు దిగడం మొదలవుతుంది. రొయ్య కోసం లాగే వల నేలను గీసుకుంటూ పోతుంది గానీ పగలు ఇసకలో పూడుకున్న 3 సెంటీమీటర్ల జీవిలో ఎంత భాగం అందులోకి వస్తుందన్నది వల కన్ను మీద, లాగిన వేళ మీద ఆధారపడుతుంది. రాత్రి లాగిన వలకూ పగటి వలకూ తేడా రావడం సహజం. కాబట్టి ఏ తీరం దగ్గరైనా చుక్కల్లేని మ్యాపు కనిపిస్తే, అక్కడ జీవి లేదా, లేక ఆ నెలలో ఆ లోతులో రాత్రి వల పడలేదా అన్న రెండు ప్రశ్నలూ వేయాలి.

వచ్చిన రికార్డుకు విలువ ఎంతన్నది కూడా దొరికిన తర్వాత ఏం జరిగిందన్నదాని మీదే ఉంటుంది. ఫార్మలిన్‌లో వేసినది ఒంటి నిర్మాణాన్ని గట్టిగా నిలుపుతుంది, చూషకాల వరసలు 50 ఏళ్ల తర్వాత కూడా లెక్కపెట్టుకోవచ్చు, కానీ డీఎన్ఏ పాడవుతుంది. చిక్కటి ఆల్కహాలులో వేసినది డీఎన్ఏను కాపాడుతుంది, ఒళ్లు మాత్రం గట్టిపడి ముడుచుకుంటుంది. అందుకే ఇప్పటి సేకరణల్లో రెక్క అంచునో చేతి కొసనో చిన్న ముక్క కోసి ఆల్కహాలులో, మిగతా ఒళ్లు ఫార్మలిన్‌లో ఉంచుతారు. మగదైతే ఆ ముక్క ఎడమ పైచేతిలోంచి మాత్రం కోయరు.